తొలివేగం

తమ్ముడు ట్రామ్ నడిపేవాడు. డిపోలో అందరూ అతన్ని 'నిదానం' అని పిలిచేవారు. పెళ్ళికని బయలుదేరి నిదానం బండెక్కితే, ఆ పెళ్ళైనవాళ్ళకి పుట్టిన పిల్లల్ని చూడడానికి చేరుకుంటామని తోటి డ్రైవర్లు నవ్వుకునేవారు. అతనూ వాళ్ళతోపాటే నవ్వేవాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతని మీద ఫిర్యాదు అంటూ వస్తే అది ఆలస్యం గురించే వచ్చింది.

అలాంటివాడి బండి ఒక వాన రోజు పొద్దున ఆసుపత్రి మలుపులో పట్టాలు తప్పి పక్కకి ఒరిగిపోయింది. చాలామందికి దెబ్బలు తగిలాయి. బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ చనిపోయింది. తమ్ముడికి తుంటి ఎముక విరిగింది, తలకి దెబ్బ తగిలింది. మార్కెట్ స్టాపులో తలుపులు మూసుకున్న చప్పుడు అతనికి గుర్తుంది. తర్వాత తను రోడ్డు మీద పడి ఉంటే ఎవరో బూటు విప్పడం గుర్తుంది. ఆ రెంటికీ మధ్య జరిగింది తుడిచేసినట్టు పోయింది.

ట్రామ్ కంపెనీవాళ్ళు డ్రైవరు వేగంగా వెళ్ళాడన్నారు. యూనియన్‌వాళ్ళు మలుపులో పట్టాలు అరిగిపోయాయన్నారు. బండిలో వేగం నమోదుచేసే యంత్రం ఉంది గానీ, అది చెడిపోయి చాలాకాలమైంది. బాగుచేయమని డ్రైవర్లు చెబుతూనే ఉన్నారు, ఎవరూ పట్టించుకోలేదు. కాబట్టి ఎవరి మాట నిజమో తేల్చేది ఏదీ లేదు. విచారణ తేదీ దగ్గరపడుతోంది.

అక్క కాలేజీలో లెక్కలు చెప్పేది. తమ్ముడి ఇల్లు ఆమె ఇంటికి నాలుగు వీధుల అవతల. కాలేజీ అయ్యాక ఆమె తిన్నగా అక్కడికే వెళ్ళేది. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశారు. మరదలు పిల్లల్ని లోపలి గదిలో చదువుకోమని చెప్పి, ఆ గదిలోనే ఇస్త్రీ బల్ల పెట్టుకుని, భర్త కళ్ళు మూసుకుంటే ఊపిరి చూస్తూ, తెరిస్తే చూపు తిప్పుకుంటూ పని చేసుకునేది. డిపో నుంచి ఎవరో ఒకరు వచ్చి, "నువ్వు వేగంగా వెళ్ళడమేంట్రా, నిదానమే ప్రధానం కదరా నీకు" అని భుజం తట్టి పోయేవారు. వాళ్ళు వెళ్ళాక అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు.

యూనియన్ లాయరు ఒకరోజు అక్కని వెతుక్కుంటూ కాలేజీకి వచ్చాడు. ఆ ట్రామ్‌లో సీట్లు తయారుచేసే కంపెనీ మనిషి ఒకడు ప్రయాణించాడట. బండి కుదుపులు కొలవడానికి ఒక చిన్న పరికరాన్ని సీటు కింద బిగించుకుని కూర్చున్నాడట. బండి ముందుకీ వెనక్కీ పక్కలకీ ఎంత త్వరణంతో కదులుతోందో ప్రతి క్షణం అది రాసుకుంటుంది. బండి ఒరిగినప్పుడు దాని తీగ ఊడిపోయింది గానీ, అప్పటిదాకా రాసుకున్నది భద్రంగా ఉంది. ఆ అంకెలు విచారణ సంఘానికీ ఇచ్చారు. వాటిలో వేగం లేదని అక్కడి ఇంజనీరు పక్కన పెట్టేశాడట.

"త్వరణం నుంచి వేగం రాబట్టొచ్చంటారు కదమ్మా?" అన్నాడు లాయరు.

రాబట్టొచ్చు. అది ఆమె ఏటేటా పిల్లలకి చెప్పే పాఠమే. త్వరణం అంటే వేగం ఎంత చొప్పున పెరుగుతోందో, ఎంత చొప్పున తగ్గుతోందో చెప్పేది. దాన్ని సమాకలనం చేస్తే, అంటే ఆ మార్పులన్నిటినీ కూడుకుంటూ పోతే, వేగం వస్తుంది. కానీ చివర ఒక స్థిరాంకం మిగులుతుంది, ప్లస్ సి. అది రాయకపోతే ఆమె మార్కు కోసేది. అందుకే పిల్లలు ఆమె వెనకాల 'ప్లస్ సి మేడమ్' అనుకునేవారు. వాలు తెలిస్తే వక్రం ఆకారం తెలుస్తుంది గానీ, అది కాగితం మీద ఎంత ఎత్తులో ఉందో తెలియదని బోర్డు మీద గీసి చూపించేది. ఒకదాని మీద ఒకటిగా, ఒకే ఆకారంలో ఎన్ని వక్రాలైనా గీయొచ్చు. అది ఏ బిందువు గుండా వెళ్తుందో ఒక్కటి చెబితే చాలు, అప్పుడు ఏది మనదో తేలుతుంది.

ఇక్కడ ఆ ఒక్క బిందువే లేదు. సీట్ల కంపెనీ మనిషి బ్యాటరీతో కుస్తీపడి పరికరాన్ని కాస్త ఆలస్యంగా ఆన్ చేశాడు. అప్పటికి బండి స్టాపులోనే ఉందో, కదిలిపోయిందో అతనికి గుర్తులేదు. చివర్లో బండి ఆగింది కాబట్టి అప్పటి వేగం సున్నా అనుకుందామంటే, ఆగేలోపే తీగ ఊడిపోయింది. మొదలూ లేదు, చివరా లేదు.

అయినా అక్క ఆ అంకెలు వేసుకుని కూర్చుంది. బండి కొంతసేపు వేగం పుంజుకుంది. తర్వాత ఎనిమిది సెకన్లు పెరగలేదు, తగ్గలేదు. మలుపు ముందు ఒక్కసారిగా గట్టి బ్రేకు. అక్కడితో సరి. తొలివేగం, అంటే ఆ సి, సున్నా అనుకుని లెక్కిస్తే, మలుపులోకి వచ్చేసరికి బండి గంటకి పద్దెనిమిది కిలోమీటర్లలో ఉంది. అక్కడి పరిమితి ఇరవై. అప్పుడు తప్పు పట్టాలదే. ఆన్ చేసేసరికే బండి కదిలి ఉంటే మాత్రం ఆ మేరకు మొత్తం గీత పైకి జరుగుతుంది.

ఒక గ్రాఫు కాగితం మీద అయిదు గీతలు గీసి తమ్ముడికి చూపించింది. అన్నీ ఒకే తీరుగా ఎక్కి, చదునుగా సాగి, చివర్లో కిందికి వంగాయి. అతను దిండుకి ఆనుకుని ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"ఇందులో నేను ఏదక్కా?" అన్నాడు.

ఆమె వేలు అయిదు గీతల మీదా తిరిగింది, ఏ ఒక్కదాని మీదా ఆగలేదు.

లాయరుకి ఆ గందరగోళమే కావాలి. సిని సున్నాగా తీసుకుని ఒక్క గీతే చూపిద్దామన్నాడు. కాదని నిరూపించాల్సింది కంపెనీ, వాళ్ళ దగ్గర ఏముంది కనక, యంత్రం పాడు చేసుకున్నది వాళ్ళే అన్నాడు. చట్టం ప్రకారం ఆ మాటలో తప్పు లేదు. మరదలికి కొండంత ధైర్యం వచ్చింది. ఎన్నాళ్ళకో ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు మామూలుగా వినిపించింది.

తమ్ముడే ఒప్పుకోలేదు. అక్క ఒంటరిగా ఉన్నప్పుడు చెయ్యి పట్టుకుని అడిగాడు.

"ఆవిణ్ణి నేను చంపానో, పట్టాలు చంపాయో నాకు తెలియాలి. నిద్రపట్టడం లేదు. నువ్వు తల్చుకుంటే కనుక్కోగలవు."

"కనుక్కున్నాక నచ్చకపోతే?"

"ఇప్పుడు మాత్రం ఏం నచ్చుతోంది చెప్పు."

ఆమె ఆ దారి వెంట నడుచుకుంటూ వెళ్ళింది. మార్కెట్ స్టాపుకీ ఆసుపత్రి మలుపుకీ మధ్య ఒకచోట ఇంకో ట్రామ్ లైను అడ్డంగా దాటుతుంది. అక్కడ ప్రతి బండీ దడదడమంటుంది. ఆ దడ పరికరం రాసిన అంకెల్లో ముల్లులా నిలబడి ఉంది. ఆ క్షణాన బండి వేగమెంతో తెలిస్తే, కావాల్సిన ఆ ఒక్క బిందువు దొరికినట్టే. ఆ కూడలి ఎదురుగా కళ్ళద్దాల షాపు, దాని తలుపు మీద కెమెరా. షాపు యజమానురాలు ఆ రోజు వీడియోని విడిగా దాచిపెట్టింది. పోలీసులు అడుగుతారనుకుందట, ఎవరూ అడగలేదట.

షాపు వెనక చిన్న గదిలో కూర్చోబెట్టి చూపించింది. అవతల ఎవరో ఫ్రేములు పెట్టుకుని, ముఖానికి నప్పిందా లేదా అని మాట్లాడుకుంటున్నారు. తెర మీద వాన, గొడుగులు, తర్వాత ట్రామ్. బండి ముందు భాగం కూడలి దగ్గర స్తంభాన్ని దాటినప్పటి నుంచి వెనక భాగం దాటేదాకా రెండు సెకన్లు పట్టింది. బండి పొడవు ఇరవై ఎనిమిది మీటర్లు. భాగహారం వచ్చిన చిన్న పిల్లాడు కూడా చెప్పగలడు. సెకనుకి పద్నాలుగు మీటర్లు. గంటకి యాభై.

ఆ దారిలో నలభై దాటకూడదు. కూడలి నుంచి మలుపు దాకా ఆ ఎనిమిది సెకన్లూ అదే వేగం. చివరి బ్రేకు తగ్గించింది తీసేస్తే, బండి మలుపులోకి ముప్పై ఆరుతో వెళ్ళింది. వెనక్కి లెక్కిస్తే, పరికరం ఆన్ చేసేసరికి బండి సెకనుకి అయిదు మీటర్ల వేగంతో పోతోంది. ఆ అయిదే సి.

సున్నా రావాలని ఎంత కోరుకుందో అప్పుడు అర్థమైంది ఆమెకి. వీడియో మళ్ళీ వేయమంది. ఇంకోసారి వేయమంది. స్తంభానికి బదులు కరెంటు పెట్టెని గుర్తు పెట్టుకుని చూసింది. రెండు సెకన్లు మూడు కాలేదు. షాపావిడ మంచినీళ్ళు తెచ్చి పెట్టి, ఏమీ అడగకుండా బయటికి వెళ్ళిపోయింది.

లాయరుకి ఫోన్ చేసి చెప్పింది. ఆ వీడియో మీరు చూడలేదనుకోండి అన్నాడతను. ఇంకెవరూ వెతకలేదు, ఇక వెతకరు కూడా అన్నాడు.

వీడియోని ఏం చేయాలన్నది ఆమె తమ్ముడికే వదిలేసింది. అయిదు గీతల కాగితం మీద పై నుంచి రెండోదాని మీద వేలు పెట్టి, "ఇదిరా" అంది.

అతను గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించడం ఆమెకి కనిపిస్తూనే ఉంది. నుదురు ముడిపడింది, కుడిచెయ్యి దుప్పటి మీద హ్యాండిల్ పట్టుకున్నట్టు బిగిసింది. ఆ ఎనిమిది సెకన్లు తను ఏం చేస్తున్నాడు? నిద్రపోయాడా, ఏదైనా ఆలోచనలో పడ్డాడా, ఆలస్యమైందని కావాలనే తోలాడా? అవేవీ అంకెల్లో లేవు. చివర్లో బ్రేకు వేశాడు కాబట్టి అప్పటికి మెలకువగానే ఉన్నాడని మాత్రం చెప్పగలదు. అది చెప్పాలనిపించలేదు, కానీ అడిగితే చెప్పింది.

"ఎందుకు అంత వేగంగా వెళ్ళానక్కా?"

"అది లెక్కకి అందదురా."

మరదలు ఇస్త్రీ పెట్టె ఆపేసి వచ్చి నిలబడింది.

"లెక్క తప్పయి ఉండొచ్చుగా వదినా?"

"మూడుసార్లు చేశాను."

"తప్పని చెప్పండి చాలు. మిమ్మల్ని ఎవరు అడుగుతారు?"

అక్క తల వంచుకుంది. మరదలు మళ్ళీ ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు నుంచి వదినా అని పిలవడం మానేసింది.

వీడియోని విచారణ సంఘానికి ఇచ్చేయమని తమ్ముడు చెప్పాడు. ఇచ్చేముందు ఆ చనిపోయినావిడ భర్తకి తనే చెప్పాలన్నాడు. అక్క వెంట వెళ్ళింది. చేతికర్రలతో మూడో అంతస్తు దాకా ఎక్కడానికి అతనికి చాలాసేపు పట్టింది. ఆ భర్త తలుపు తీసి, ఎవరో తెలుసుకుని కూడా లోపలికి రానిచ్చాడు. గది నిండా గుడ్డలే. సగం కుట్టిన జాకెట్లు, చేతులు అతకని చొక్కాలు, ప్రతిదాని మీదా పిన్నుతో గుచ్చిన కాగితం ముక్క. ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చేస్తున్నాడట. కొన్నిటి మీద పేరు లేదు, కొలతలే ఉన్నాయి. అవి ఎవరివో తెలియక మంచం మీద విడిగా పేర్చాడు.

తమ్ముడు నిలబడే చెప్పాడు. యాభైలో వచ్చానని, ముప్పై ఆరులో మలుపు తిరిగానని, తప్పు తనదేనని, ఎందుకు చేశాడో మాత్రం తెలియదని చెప్పాడు. ఆ మనిషి ఒక చొక్కా మడతపెడుతూ విన్నాడు.

"యాభై అన్నావు, సరే. నిదానంగానే వచ్చావని తేలుంటే నాకేం మారేది?"

ఆ మనిషి చొక్కా కాలరు సరిచేశాడు.

"నీకు తెలియాలనుకున్నావు, తెలుసుకున్నావు. నేను అడగలేదు బాబూ." అని, మడతపెట్టిన చొక్కాని దొంతర మీద పెట్టి, ఇంకొకటి తీసుకున్నాడు.

మెట్లు దిగేటప్పుడు తమ్ముడు ప్రతి మలుపులో ఆగాడు. ఏడవలేదు. అక్కకి అతని చెయ్యి పట్టుకోవాలనిపించింది గానీ, రెండు చేతులూ కర్రల మీదే ఉన్నాయి.

విచారణ ఒక్క పూటలో అయిపోయింది. పట్టాల గురించి ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడాల్సిన అవసరం లేకుండా పోయింది. పాడైపోయిన యంత్రం సంగతి చివర్లో ఒక వాక్యంగా మిగిలింది. సొంత తమ్ముడి మీద సాక్ష్యం తెచ్చిన లెక్కల మేడమ్ నిజాయితీని సంఘం పెద్ద మెచ్చుకున్నాడు. ఆ మాట ఆమెకి పుండు మీద కారం చల్లినట్టయింది. లైసెన్సు రద్దయింది, ఉద్యోగం పోయింది, కోర్టు రెండేళ్ళ జైలు వేసింది. డిపోలో నిదానం అనే పేరు ఎవరూ ఎత్తలేదు. మరదలు పిల్లల్ని తీసుకుని వాళ్ళన్నయ్య దగ్గరికి వెళ్ళిపోయింది. అక్క ఫోన్ చేస్తే పిల్లలు ఎత్తేవారు, పక్కనుంచి ఎవరో తీసుకుని పెట్టేసేవారు.

జైల్లో చూడడానికి వెళ్ళినప్పుడు తమ్ముడు ఆమె మీద కోపం చూపించలేదు. కోపం ఉంటే బాగుండుననిపించేది ఆమెకి. నిద్రపడుతోందా అని ఒకసారి అడిగింది. లేదన్నాడు. ఇంతకుముందు ఇదో అదో అని కొట్టుకునేవాణ్ణి, ఇప్పుడు ఒకటే అన్నాడు. అది తేలికో బరువో అతను చెప్పలేదు.

బయటికి వచ్చాక ఒక బట్టలుతికే ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. ఆసుపత్రుల దుప్పట్లు వేడివేడిగా యంత్రంలోంచి వస్తుంటే మడతపెట్టి బండిలో పేర్చే పని. కుంటుకుంటూ అక్కడికి నడిచే వెళ్తాడు, ట్రామ్ ఎక్కడు. ఆదివారాలు అక్క వెళ్ళి వంట చేసి పెడుతుంది. పెట్టినంత తింటాడు, ఇంకాస్త వేసుకోమంటే చాలంటాడు. మరదలికి ఉత్తరం రాయమని ఆమె చెబుతూ ఉంటుంది. రాస్తానంటాడు. కాసేపు కిటికీలోంచి వీధి చూస్తారు. చీకటి పడకముందే ఆమె చెప్పులు వేసుకుంటుంది, అతను మెట్ల దాకా వచ్చి, జాగ్రత్తగా వెళ్ళక్కా అంటాడు.