యారెత్సి చెప్పిన చిరునామా

ఎవెరార్దో తన్నిన తన్నుకు నా వంటింటి గొళ్లెం ఊడి పొయ్యి దగ్గర పడింది. నేను పెనం మీద తోర్తియా రొట్టెలు కాలుస్తున్నాను. నేను పగలంతా చూసుకునే మిగతా పిల్లల్ని అప్పటికే తల్లులు తీసుకుపోయారు. వాడి కూతురు యారెత్సి ఒక్కతే బల్ల దగ్గర రంగులు వేసుకుంటోంది.

"నెరీదా ఎక్కడ దాక్కుందే ముసలీ?"

నెరీదా వాడి పెళ్లాం. వాడు పక్కటెముకలు విరగ్గొట్టాక బిడ్డను తీసుకుని మా ఫ్రెస్నో ఊళ్లోనే ఎక్కడో తలదాచుకుంది. ఎక్కడో నాకు కూడా చెప్పొద్దని నేనే అన్నాను.

మాలాగా ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఆడవాళ్లకి శనివారాలు లైబ్రరీలో మా స్పానిష్‌లోనే శిక్షణ ఇస్తున్నారు. బడిలో చేరే పిల్లకి తన పేరు, ఇంటి చిరునామా గడగడా చెప్పడం రావాలని, చప్పట్లు కొట్టిస్తూ నేర్పమని అక్కడ పాఠాలు చెప్పే ఎల్విరా మేడం చెప్పింది. ఇంతమందిని పెంచినదాన్ని, నాకు చప్పట్లు నేర్పుతుందా అని మొదట ఒళ్లు మండింది. కానీ పిల్లలు ఇట్టే పట్టేశారు. నెరీదాకి ఆ సంగతి చెబితే మాత్రం ముఖం పాలిపోయింది.

"వద్దు దోన్యా రెమే," అంది, పెద్దదాన్నని మర్యాదగా పిలుస్తూ. " వాళ్ల నాన్న ఓ మిఠాయి చూపిస్తే చెప్పేస్తుంది. నన్ను చంపేస్తాడు."

"సరేలే పిల్లా, మా ఇంటిదే నేర్పుతా. అంకెలు ఎవరివైతేనేం?"

ఇప్పుడు వాడు నా జుట్టు పట్టుకుని తలను పొయ్యి అంచుకేసి కొట్టాడు. పన్ను ఊడి నోట్లోకి వచ్చింది. కింద పడితే దవడ మీద తన్నాడు.

"తెలీదురా," అన్నాను. మళ్లీ తన్నాడు.

తర్వాత కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. గొంతులో తేనె. "నా బంగారం, మీ ఇల్లెక్కడో నాన్నకి చెప్పవా?"

యారెత్సి నా వైపు చూసింది. చప్పట్లు కొట్టింది. "ఏడు, ఒకటి, నాలుగు, మెస్కీట్ వీధి!"

"ఈ ఇల్లేగా అది! నాతోనే ఆటలా?" జడ పట్టుకుని పైకెత్తాడు. పిల్ల కీచుమంటూనే మళ్లీ అదే చెప్పింది.

పొయ్యి అంచు పట్టుకుని లేచాను. పెనం ఎర్రగా కాలుతోంది. గుడ్డ వెతుక్కునే ఓపిక లేదు. వట్టి చేతుల్తో పట్టుకుని వాడి ముఖం మీద బాదాను. చర్మం చుర్రుమంది. పిల్లను వదిలేశాడు. వాడు కింద పడ్డాక మోకాలి మీద కొట్టాను, మళ్లీ కొట్టాను. ఆపాలనిపించలేదు. వాడు కదలడం మానేశాకే ఆపాను.

దవడ పనిచేయక ఫోనులో మాట రాలేదు. ఫోను యారెత్సి చెవి దగ్గర పెట్టాను. పోలీసులకి కూడా అదే చిరునామా చెప్పింది, తడబడకుండా.

ఆ తర్వాత నా ఒళ్లోకి చేరి చెవిలో గుసగుసలాడింది. "అది మా ఇల్లు కాదని నాకు తెలుసు దోన్యా. మా తలుపు మీద అంకెలు నేనే చదివాను. వీధి పేరు అమ్మ ఫోనులో అంటుంటే విన్నాను. నాన్నకి చెప్పలేదు."

ఇంకా బడి గడప తొక్కని పిల్ల. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మెచ్చుకుందామంటే దవడ కదల్లేదు. కాలిన అరచేతులతోనే చప్పట్లు కొట్టాను.