తలకింత

పళ్లమ్మ అనే పేరు విన్నవాళ్లు ఆమె పండ్లు అమ్ముతుందనుకునేవారు. ఆమె చేసేది కట్టుడు పళ్లు. పళ్ల డాక్టర్లు పంపిన అచ్చుల మీద మైనం పరిచి, చిగుళ్ల రంగు సరిచూసి, ఒక్కొక్క పన్నునూ వరుసలో నిలబెట్టడం ఆమె పని. పేరు పెట్టింది అత్తగారే. పెళ్లయిన కొత్తలో పక్కింటివాళ్లకు కోడలిని చూపిస్తూ "మా పళ్లమ్మ" అంది. వీధి వీధంతా దాన్నే అందుకుంది. కొన్నేళ్లకు అత్తగారి పళ్లూ ఊడిపోయాయి. సెట్టు చేసి పెట్టింది కోడలే. అది పెట్టుకుని అద్దంలో చూసుకున్న అత్తగారు, "ఇకమీదట నిన్ను తిట్టాలన్నా నువ్వు చేసిన పళ్లతోనే తిట్టాలన్నమాట" అంది. తిట్లు మాత్రం ఏమీ తగ్గలేదు.

ఆ అత్తగారు పోయి మూడు నెలలైంది. పెద్ద జబ్బేమీ కాదు. జ్వరమని ఆసుపత్రిలో చేర్చారు, మళ్లీ ఇంటికి రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లందరూ కోడలి ముఖం వంకే చూశారు. ఆమె కళ్లు తడవలేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు వేసింది, టీ ఇచ్చింది, వెళ్లేటప్పుడు ఎవరి గొడుగు ఎక్కడుందో వెతికి చేతికందించింది. "గట్టి మనిషి" అన్నారు కొందరు. "ఇద్దరికీ క్షణం పడేది కాదుగా, ఎందుకేడుస్తుంది" అన్నారు ఇంకొందరు, ఆమెకు వినపడేటట్టే. ఆమెకు కోపం రాలేదు. పన్ను పీకే ముందు మత్తుసూది వేయించుకున్నవాళ్లు పెదవి తమది కానట్టు తడుముకుంటారు. ఆమెకు ఒళ్లంతా అలాగే ఉంది.

అత్తగారు టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైంది. ఆవిడ పింఛనుతోనే ఇంటి అద్దె గడిచేది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు, గొడవ వచ్చినప్పుడు ఆవిడ తప్ప. ఇప్పుడు పింఛను ఆగిపోయింది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. అతని జీతంలో, ఆమె జీతంలో అద్దె తీసి పక్కన పెట్టాక నెలాఖరుకు చేతిలో ఏమీ ఆడటం లేదు. పైగా వచ్చే నెల నుంచి అద్దె పెంచుతానని ఇంటాయన కబురు పంపాడు.

ఒక ఆదివారం భోజనం దగ్గర భర్త మాట ఎత్తాడు.

"మా కంపెనీ పక్క రాష్ట్రంలో కొత్త బ్రాంచి పెట్టింది. వస్తామన్నవాళ్లని పంపిస్తారట. మా స్టోర్స్‌లో బట్టతలాయన ఉండేవాడు చూడు, ఆయన పోయినేడే వెళ్లాడు. ఫోన్ చేసి అడిగాను. అద్దె ఇక్కడి దాంట్లో సగమేనట."

"సరే" అంది ఆమె.

"పూర్తిగా విను ముందు. జీతంలో సిటీ అలవెన్సు కోసేస్తారు. కరెంటు అక్కడ ఎక్కువ. పాలు, కూరగాయలు చవకట. బండి నంబరు మార్పించి మళ్లీ టాక్సు కట్టాలి. లారీ ఖర్చు అంటావా, అది ఒక్కసారేగా." చేతికంటిన కూర ఆరిపోతున్నా వేళ్లు మడుస్తూనే ఉన్నాడు. "నీ పని సంగతే తేలాలి. అక్కడా ఒక పళ్ల ల్యాబ్ ఉందట."

"సరే."

"వెళ్దామంటావా, వద్దంటావా?"

"మీ ఇష్టం."

ఆ ఇంట్లో ఇదివరకు ఏ మాటా అంత తేలిగ్గా తెమిలేది కాదు. కోడలు ఔనంటే అత్తగారు కాదనేది. అత్తగారు కాదందంటే ఇక కోడలు అక్కడి నుంచి కదిలేది కాదు. ఇప్పుడు అడ్డం చెప్పేవాళ్లు లేక అతనే చెప్పుకోవలసి వచ్చింది. "కాకపోతే నీళ్లకి ఇబ్బందట" అన్నాడు. మళ్లీ తనే, "ట్యాంకర్లు వస్తాయట లే" అన్నాడు.

ఆ తర్వాత రోజుకో కొత్త ధర ఇంటికి తెచ్చేవాడు. గ్యాసుబండ, బస్సు పాసు, క్షవరం ఖర్చు కూడా. ఆమె బట్టలు మడతపెడుతూ వినేది. ల్యాబ్‌లో యజమానికి చెబితే, "నీలాంటి చెయ్యి మళ్లీ దొరకదమ్మా, కానీ జీతం పెంచే స్తోమత నాకు లేదు" అన్నాడు. ఆయనకూ సరే అంది.

చూసి వద్దామని ఇద్దరూ సెలవు పెట్టి బస్సెక్కారు. అవతలి ఊళ్లో బట్టతలాయన బస్టాండుకు వచ్చి నిలబడ్డాడు. ఊరంతా తన సొంతమైనట్టు, దారి పొడవునా ఏది ఎంత చవకో చెబుతూనే ఉన్నాడు. వీధులు వెడల్పుగా, ఖాళీగా ఉన్నాయి. ఎండ నేరుగా నెత్తిన పడుతోంది.

ముందు ల్యాబ్‌కు వెళ్లారు. యజమాని వయసులో ఆమెకంటే చిన్నవాడు. ఆమె వెంట తెచ్చిన ఒక సెట్టును వెలుతురులో తిప్పి చూసి, బాగుందన్నాడు. జీతం మాత్రం ఆమెకు ఇప్పుడు వస్తున్నదానికంటే బాగా తక్కువ చెప్పాడు.

"ఇక్కడ ఖర్చులు తక్కువ కదమ్మా. జీతాలూ అంతే."

"సరే" అంది ఆమె.

బయటికొచ్చాక భర్త ముఖం వాడిపోయింది. "అద్దెలో మిగిలేదాంట్లో సగం నీ జీతంలోనే పోతోంది."

"అవును."

"అయినా ఎంతో కొంత మిగులుతుంది."

"మిగులుతుంది."

ఇల్లు మేడ మీద. బయటి నుంచే మెట్లు. రెండు గదులు, వంటిల్లు, కాళ్లు చాపుకునేంత వరండా. గోడలకు కొత్తగా సున్నం వేశారు. ఇల్లుగలావిడ కింద ఉంటుంది. లావుపాటి మనిషి. మెట్లెక్కి వచ్చిన ఆయాసంలో కూడా గొంతు తగ్గలేదు. భర్త అడ్వాన్సు గురించి, కరెంటు మీటరు గురించి అడుగుతూ ప్రతి గదిలో స్విచ్చులు వేసి చూస్తున్నాడు.

"అద్దె కాక నీళ్లకి తలకింత ఇవ్వాలి" అంది ఇల్లుగలావిడ. "ట్యాంకరు తెప్పించాలి మరి. ఎంతమంది మీరు?"

"ముగ్గురం" అంది పళ్లమ్మ.

"పిల్లలా?"

"మా అత్తయ్య."

భర్త వేలు స్విచ్చు మీదే ఆగిపోయింది. బట్టతలాయన ఏదో అనబోయి, అతని ముఖం చూసి ఊరుకున్నాడు.

"పెద్దావిడా? ఈ మెట్లు ఎక్కగలదా మరి?"

"మోకాళ్ల నొప్పులు. మెల్లగా ఎక్కుతారు. కడ్డీ ఉందిగా, పట్టుకుంటారు."

"ఆ కడ్డీ కాస్త కదులుతుందమ్మా. అదలా ఉంచు, ముసలాళ్లు నీళ్లు ఎక్కువ వాడతారు. మా అమ్మతో పడ్డానుగా, కడిగిన కాళ్లే కడిగేది."

"మా అత్తయ్య అలా కాదు. కుళాయి చుక్క కారితే ఊరుకోరు. బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయనివ్వరు, మొక్కలకి పోయమంటారు." తన గొంతు తనకే పక్కగదిలోంచి వినపడుతున్నట్టుంది. ఎక్కడ ఆపాలో తెలియలేదు. "ఆవిడ తలకి సగమే వేసుకోండి."

ఇల్లుగలావిడ నవ్వింది. "బేరం బాగానే ఆడతావే. సరే పో, పెద్దావిడకి సగం."

ఆ మాట ఎవరూ సరిదిద్దలేదు. భర్త జేబులోంచి అడ్వాన్సు తీసి ఇచ్చాడు. ముగ్గురూ మెట్లు దిగారు.

తిరుగు బస్సులో చాలా దూరం వచ్చాక భర్త అడిగాడు.

"ఎందుకలా అన్నావు?"

"అలవాటులో వచ్చేసింది."

"తర్వాతైనా చెప్పొచ్చుగా, లేదని."

"మెట్లు ఎక్కగలదా అని అడిగింది. అడిగితే జవాబు చెప్పాను."

అతను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. కాసేపటికి భుజాలు కదలడం మొదలుపెట్టాయి. తల్లి పోయి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు కూడా అతను అంతలా ఏడవలేదు. కండక్టరు వచ్చి టిక్కెట్లు అడిగితే తల తిప్పకుండానే చూపించాడు. పళ్లమ్మ అతని వీపు మీద చెయ్యి వేసింది. వీపు అదురుతోందని చేతికి తెలుస్తోంది, అంతవరకే. ఓదార్చడానికి మాట కోసం వెతికింది.

"నీళ్ల లెక్కలో మూడో మనిషిని తీసేస్తే ఇంకొంచెం మిగులుతుంది" అంది.

అంతకంటే మంచి మాట ఆమెకు దొరకలేదు. అతను తల ఊపాడు.

మరుసటి నెలలో లారీ మాట్లాడుకుని వెళ్లిపోయారు. సామాను దించుతుంటే ఇల్లుగలావిడ గేటు దగ్గర నిలబడి లారీ లోపలికి తొంగి చూసింది.

"ఏరీ మీ అత్తగారు? వెనకాల వస్తున్నారా?"

పళ్లమ్మ చేతిలోని బకెట్టు కింద పెట్టింది. "ఆవిడ లేరండీ. ఆ రోజుకే పోయి నెలలైంది. తప్పు చెప్పాను."

ఇల్లుగలావిడ ఆమెను కింది నుంచి పై దాకా చూసింది. భర్త వైపు చూసింది. అతను మంచం కోడు పట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు.

"అయ్యో" అంది ఆవిడ చివరికి. "పెద్దావిడ వస్తుందిగదాని మేస్త్రిని పిలిచి మెట్ల కడ్డీ బిగించానమ్మా." "సరేలే. మీకూ పనికొస్తుంది. నీళ్లకి ఇద్దరికే ఇవ్వండి."

కొత్త ఊళ్లో ఆమెను పళ్లమ్మ అనేవాళ్లు లేరు. ల్యాబ్‌లో "కొత్తావిడ" అనేవారు. ఏడ్చిందా లేదా అని ముఖంలోకి చూసేవాళ్లూ లేరు. పొద్దున లేచి వండేది, పనికెళ్లేది, వచ్చి మళ్లీ వండేది. ఎండలు ముదిరాయి. పగలూ రాత్రీ ఫ్యాను తిరగవలసిందే. వచ్చిన కరెంటు బిల్లు చూసి భర్త కుర్చీలో కూలబడ్డాడు. ల్యాబ్ దారిలో బస్సు లేదు కాబట్టి రోజూ అతనే దింపి రావాలి. పెట్రోలు అలా పోయింది. పాలు చవకే, కూరగాయలు చవకే. కానీ ఆ చవకంతా కలిపినా ఒక్క కరెంటు బిల్లుకు సరిపోలేదు.

"అనవసరంగా తీసుకొచ్చానా నిన్ను?" అని అడిగాడు ఒకరోజు.

"ఏమో" అంది ఆమె. నిజంగానే ఆమెకు తెలియదు.

ఒక సాయంత్రం ఆమె గిన్నెలు తోముతుంటే కింది నుంచి అరుపు వినపడింది.

"పైన కుళాయి వదిలేసి ఊరుకున్నారేంటి? ట్యాంకంతా ఖాళీ! నీళ్లేమన్నా ఊరికే వస్తున్నాయనుకున్నారా?"

వంటింటి కుళాయి కట్టేసే ఉంది. స్నానాల గదిలోదీ కట్టేసే ఉంది. వరండాలోంచి తొంగి చూస్తే కింద పెరట్లో గొట్టం ఊడిపోయి, నీళ్లు కాలువ కట్టి గోడ పక్కగా పారుతున్నాయి. ఆమె సబ్బు చేతులతోనే మెట్ల మీదికి వచ్చింది.

"మాది కాదు. మీ పెరట్లోది. వెళ్లి చూసుకోండి."

"తప్పు చేసి నాకే చెబుతున్నావా?"

"చెబుతాను! తలకింత లెక్కన తీసుకుంటున్నారుగా, ముందు కళ్లు తెరిచి చూసి అప్పుడు అరవండి." గొంతు దానంతటదే లేచింది. పక్కింటివాళ్లు బయటికొచ్చారు. ఆమె ఆగలేదు. "నీళ్ల సంగతి నాకు నేర్పకండి. చుక్క కారితే ఇల్లు పీకి పందిరేసే మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని నేను! ఆవిడ దగ్గర నేర్చుకుని వచ్చాను, ఆవిడ దగ్గర..."

ఇల్లుగలావిడ పెరట్లోకి వెళ్లి గొట్టం బిగించింది. తిరిగి వచ్చేసరికి పళ్లమ్మ మెట్టు మీద కూలబడి ఏడుస్తోంది. సన్నగా, మర్యాదగా ఏడ్చే ఏడుపు కాదు. నోరు తెరుచుకుని, సబ్బు చేతులతో ముక్కు తుడుచుకుంటూ, ఎక్కిళ్లతో ఏడుస్తోంది.

"ఏదో అన్నానని ఇంతలా ఏడవాలా?" అంది ఇల్లుగలావిడ కంగారుగా.

"మీ గురించి కాదు. మీరు వెళ్లండి."

ఆవిడ వెళ్లలేదు. రెండు మెట్లు కింద చతికిలబడింది. పనిలోంచి వచ్చిన భర్త బండి ఆపి, మెట్ల మీద ఇద్దరినీ చూసి, హెల్మెట్ తీయడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు.

లోపలికి వచ్చాక అడిగాడు. "ఏమైంది?"

"గొడవైంది."

"ఎవరిది తప్పు?"

"ఆవిడదే." ముఖం కడుక్కుని వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. "రేపు ల్యాబ్‌లో జీతం గురించి అడుగుతాను. పాత జీతం ఇవ్వమంటాను."

"ఇవ్వనంటే?"

"అననీ, చూద్దాం."

ల్యాబ్ యజమాని నాలుగు రోజులు నానబెట్టి కొంత పెంచాడు, ఆమె అడిగినంత కాదు. అన్ని ఖర్చులూ పోగా ఆ ఇంట్లో మిగిలేది ఇప్పటికీ చెప్పుకోదగ్గదేమీ కాదు. కింది ఆవిడకూ ఆమెకూ మాత్రం నీళ్ల దగ్గర తరచూ మాటా మాటా వస్తూనే ఉంటుంది. అలాంటప్పుడు భర్త ఇంటికొస్తే, గేటు బయటే బండి మీద కూర్చుని, ఆ గొడవ చల్లారాక లోపలికి వెళతాడు.