జింగ్ వాయించిన ఆదివారం

“ఒకే ముక్క పాతికసార్లు వాయిత్తే పాటయిపోద్దేటి?” అన్నాడు మా ఆయన సత్యప్రసాద్, నేను పనిచేసే చోటి సంగీతం గురించి చెబితే, తిన్న కంచం నా వైపు తోస్తూ. నేను కంచం తీసి బల్ల తుడిచాను.

బర్మాలో మేముండే అహ్లోన్ పేటలో ఒక సంగీతం గది ఊడ్చి తుడవడం నా పని. అక్కడ పాఠాలు చెప్పే కొరియా ఆవిడ యున్‌సోని అందరం బర్మీయుల్లాగే ‘సయామా’ అంటాం, పంతులమ్మ అని. నేలమీద కూర్చుని, కయాగుమ్ అనే పన్నెండు పట్టుతీగల వాద్యాన్ని మోకాలి మీద ఆనించుకుని మీటుతుంది. పక్కన ఆవిడ స్నేహితుడు కీబోర్డు మీద అయిదు స్వరాలే తిప్పి తిప్పి వాయిస్తాడు. చాలాసేపటికి ఒక్క స్వరం మారుతుంది. మొదట్లో నాకూ విసుగే. నెల తిరిగేసరికి ఆ మార్పు రాబోతోందని ఒంటికి ముందే తెలిసిపోయేది.

ఒకరోజు ఇద్దరూ ఎక్కడో తప్పి ఆగిపోయారు. “సయామా, ఇరవైనాలుగో చుట్టులో మారాలి. ఇరవైమూడులోనే మారిపోయారు,” అన్నాను బర్మీలో. మాట జారి పని పోగొట్టుకున్నానేమో! ఆవిడ వాయిస్తూ చేసుకున్న రికార్డింగు వెనక్కి తిప్పి వేళ్ల మీద లెక్కపెట్టింది. లేచి వచ్చి, నా చేతిలో తుడుపుకర్ర తీసేసి, గుడ్డ చుట్టిన కొట్టుడుకర్ర పెట్టింది. జింగ్ అనే పెద్ద కంచు గంట వాయించే మనిషి సియోల్ వెళ్లిపోయాడట.

“నాకు సంగీతం రాదు సయామా.”

“వినడం వచ్చు కదా. నాకు కావాల్సింది అదే.”

పెళ్లయిన ఇరవైరెండేళ్లలో నాకేదో వచ్చని అన్న మొదటి మనిషి ఆవిడ.

కచేరీ ఆదివారం మధ్యాహ్నం పడింది. ఆ రోజే మరిది కుటుంబం భోజనానికి వస్తోంది. “గంట కొట్టడానికి పోతావా? వచ్చినోళ్లకి వడ్డించేదెవరు?” అన్నాడాయన. నేను తల దించుకున్నాను. చేపలు బాగుచేస్తున్న మా అత్తగారు అచ్చమ్మ తలెత్తింది.

“నాను వండుతాను. నువ్వు వడ్డించు, సేతులరిగిపోవు.” నా వైపు తిరిగి, “ఎల్లమ్మా రాధా. పెళ్లికి ముందు నాను పాడేదాన్ని. ఈ ఇంట్లో ఎవులూ అడగనేదు,” అంది.

నేనూ అడగలేదు. సిగ్గేసింది. చేపల నీళ్లతో తడిసిన ఆవిడ చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాను.

ఆ పాట నలభై నిమిషాలు. నావి పదకొండు దెబ్బలు. ఒక్కొక్కటీ మెత్తగా వేసి, కంచు మోత సన్నబడి తీగల్లో కలిసిపోయేదాకా ఊపిరి బిగబట్టి విన్నాను. చివర్లో సయామా నన్ను ముందుకు పిలిచి, “రాధాకుమారి, జింగ్,” అని అందరికీ చెప్పింది. వెనక వరసలో మా ఆయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో.

బస్సు కోసం నడుస్తుంటే అడిగాడు. “పదకొండు దెబ్బలేనా! మిగతా సేపంతా ఏటి సేశావు?”

“విన్నాను. నలభై నిమిషాలు నన్నెవరూ పనికి పిలవలేదు.”

ఆయన నా ముఖంలోకి చూశాడు. బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాక, “ఇకనించి శనివారాలు సాధన ఉంటుంది,” అన్నాను. వెళ్లొచ్చా అని అడగలేదు.