ఉమ్మి పలికిన సాక్ష్యం

మా వదిన బళ్లో వ్యాయామం టీచరు. పెళ్లయి మా ఇంటికొచ్చిన కొత్తలో మూడో అంతస్తు దాకా మెట్లు రెండేసి చొప్పున ఎక్కేసేది. సంచులు మోస్తూ అన్నయ్య రొప్పుకుంటూ వెనకాల వచ్చేవాడు. అలాంటి మనిషి ఏడాది తిరిగేసరికి గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. ముఖం గుండ్రంగా ఉబ్బింది, పొట్ట ముందుకొచ్చింది, కాళ్లూ చేతులూ మాత్రం పుల్లల్లా సన్నబడ్డాయి. తలుపు తగిలితే చాలు, చెయ్యి నల్లగా కమిలిపోయేది.

మొదట చూసిన డాక్టరు, "తిండి తగ్గించమ్మా, కాస్త నడువు," అన్నాడు. పిల్లల్ని పరిగెత్తించే మనిషికి నడక గురించి చెప్పాడు! వదిన తిండి సగానికి సగం తగ్గించింది. ఒళ్లు మాత్రం పిసరంతైనా తగ్గలేదు. మా అమ్మ బిస్కెట్ల డబ్బా తీసుకెళ్లి తన మంచం కింద పెట్టుకుంది.

"అత్తయ్యా, నేను దాన్ని ముట్టుకోనైనా లేదు."

"పిల్లి కూడా కళ్లు మూసుకునే పాలు తాగుతుందమ్మా," అంది అమ్మ.

వదిన స్నానాలగదిలోకి వెళ్లి కుళాయి విప్పుకుంది. ఆ నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఒకరోజు బళ్లో ఏదో ఆసనం చూపించడానికి నేలమీద కూర్చుంది. లేవలేకపోయింది. తొడల్లో సత్తువ లేదు. పిల్లలు గొల్లున నవ్వారు. చివరికి ఇద్దరు ఆడపిల్లలు చెయ్యందించి లేపారు. ఆ సాయంత్రం వదిన చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి, "ఇది తిండి వల్ల కాదు. ఎక్కువ తింటే ఒళ్లొస్తుందేమో గానీ బలం పోదు కదా. ఇంకో డాక్టరుకి చూపించుకుంటాను. ఎవరొచ్చినా రాకపోయినా సరే," అంది.

నేను వెళ్లాను.

ఈసారి చూసినావిడ హార్మోన్ల డాక్టరు, నెరిసిన జుట్టు. బరువు తూచే మిషను వైపు చూడనైనా లేదు. కమిలిన మచ్చలు చూసింది, పొట్టమీద ఊదారంగు చారలు చూసింది, చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమంది. వదిన వల్ల కాలేదు.

"నిన్నెవరైనా తిండిపోతు అన్నారా?" అని మెల్లగా అడిగింది. వదిన కళ్లు నిండిపోయాయి.

డాక్టరమ్మ సొరుగులోంచి రెండు చిన్న గొట్టాలు తీసింది. ఒక్కోదాంట్లో వేలెడు పత్తి చుట్ట. "రెండు రాత్రులు, పడుకోబోయే ముందు దీన్ని నోట్లో పెట్టుకో. ఉమ్మితో బాగా నానాక గొట్టంలో వేసి మూత బిగించు. దానికి ముందు ఏమీ తినకు, పళ్లు తోముకోకు. చిగుళ్ల రక్తం కలిస్తే ఫలితం తప్పుతుంది. కార్టిసాల్ అని ఒక హార్మోను ఉంది. పొద్దున ఎక్కువగా ఉండి, రాత్రికి అడుగంటాలి. నీకు రాత్రి కూడా తగ్గట్లేదేమోనని నా అనుమానం. రక్తం తీసి చూద్దామంటే, సూది భయానికే అది పెరగొచ్చు. అదే ఉమ్మి అయితే నీ ఇంట్లో, నీ మంచం మీదే పట్టుకోవచ్చు."

ఇంట్లో అమ్మ నోరు ఊరుకుంటుందా? "ఉమ్మి చూసి రోగం చెప్తారా? రేపు చెమట చూసి జాతకం చెప్తారు కాబోలు!"

బుగ్గలో పత్తి కుక్కుకున్న వదిన జవాబు చెప్పలేక, క్లాసులో పిల్లల్ని హడలెత్తించినట్టు పెదవులమీద వేలు పెట్టి అమ్మకేసి గుడ్లురిమింది. అన్నయ్య పకపకా నవ్వాడు. అమ్మ కూడా ఆపుకోలేకపోయింది.

ఫలితం చెప్పే రోజు అందరం వెళ్లాం. "రెండు రాత్రులూ, తగ్గాల్సిన వేళ కార్టిసాల్ చాలా ఎక్కువగా ఉంది," అంది డాక్టరమ్మ. మిగతా పరీక్షలూ అదే మాటన్నాయి. స్కానింగులో మెదడు కింది గ్రంథిలో చిన్న గడ్డ కనిపించింది. "ఈ అమ్మాయి నోరు కట్టుకున్నా ఒళ్లు ఆగేది కాదు. ఆ గడ్డే కార్టిసాల్ పెంచి ఒళ్లు ఉబ్బించింది, బలం లాగేసింది. తప్పంతా దానిదే."

అన్నయ్య వదిన భుజం మీద చెయ్యి వేశాడు. అమ్మ బయట వరండాలోకి వచ్చాక నోరు విప్పింది. "నిన్ను నానా మాటలూ అన్నాను. నన్ను నాలుగు తిట్టమ్మా, అలా ఊరుకోకు."

"తిట్టడానికీ ఓపిక కావాలి కదత్తయ్యా. ఆపరేషన్ కానివ్వండి," అంది వదిన.

ముక్కులోంచే గడ్డ తీసేశారు. తర్వాతి నెలలు తేలిక కాదు. ఒళ్లంతా నొప్పులు, వేళ తప్పని మాత్రలు. అయినా ముఖం మెల్లగా దిగింది, మచ్చలు మాసిపోయాయి. ఈలోగా అమ్మ వదినకి వకీలైపోయింది. మెట్లమీద పక్కింటావిడ, "ఇంకా పూర్తిగా తగ్గలేదే?" అనగానే, "మా కోడలి జబ్బుకి ఆపరేషన్ ఉంది. నీ నోటికే లేదు, అదే నా విచారం!" అని సాగనంపింది.

మరుసటి ఏడు బళ్లో ఆటల పోటీల రోజున టీచర్ల రిలే పందెం పెట్టారు. వదినది ఆఖరి పరుగు. చేతికి కర్ర అందేసరికి తన ముందు ఇద్దరున్నారు. మలుపులో లెక్కల మాస్టారిని దాటింది. అమ్మ బెంచీ ఎక్కి, "పరిగెత్తవే నా తల్లీ! పరిగెత్తు!" అని గొంతు చించుకుంది. సంగీతం టీచరమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపే ఆవిడ కొంప ముంచింది. వదిన రివ్వున పక్కనుంచి దూసుకుపోయి రిబ్బను తెంచేసింది.

తెంచి, ఆగలేదు. పందెం అయిపోయిందని పిల్లలు అరుస్తున్నా, మెడకి చుట్టుకున్న రిబ్బను ఎగురుతుంటే, నవ్వుకుంటూ మైదానం చుట్టూ ఇంకో చుట్టు పరిగెత్తింది.