మాట పడిన రొట్టె

ఏసమ్మ తడిగుడ్డతో చర్చి నేల తుడుస్తూ తుడుస్తూ గోడ పక్కకు జరిగింది. నిజానికి అక్కడ తుడవాల్సిందేమీ లేదు. పక్క గదిలో పాస్టరు ప్రేమ్ కుమార్, సంఘపెద్ద వెంకట్రాములు గొంతులు పెంచి మాట్లాడుకుంటున్నారు, అదీ సంగతి. అనుమానం ఏసమ్మకు పుట్టుకతో వచ్చిన గుణం. పాలవాడు నవ్వితే ఇవాళ నీళ్లు ఎక్కువ పోశాడనుకుంటుంది. ఎవరైనా బాగున్నావా అని పలకరిస్తే, వీళ్లకేం పని పడిందో అనుకుంటుంది.

గద్వాలలోని సంఘాలన్నీ రేపు ఆదివారం ఒకే బల్ల దగ్గర ప్రభువు రొట్టె తీసుకోవాలని, వనపర్తి నుంచి కొత్తగా వచ్చిన ఈ పాస్టరు పట్టుబట్టాడు. వెంకట్రాములుకు అది మింగుడు పడటం లేదు.

"ఇయ్యాల వేరే సంఘాలంటరు, రేపు సాయిబులంటరు. ఏడిదాక పోతరు అయ్యగారూ?"

"అబ్రాహాము అందరికీ తండ్రే గద పెద్దయ్యా. యూదులు దేవుణ్ణి స్తుతించినంకనే రొట్టె విరుస్తరు. సాయిబులు దేవుని పేరు తీసే తింటరు. మనం ప్రార్థన చేసి తింటం."

"తండ్రి ఒక్కడే. గానీ పెండ్లాం శారా కొడుకు, దాసి హాగరు కొడుకు ఒక్కటైండ్రా? ఇంకో పేరు పలికిన తిండి విగ్రహార్పితం లెక్కనే. అసలు మన బల్ల రొట్టె ఎవరింట్ల కాలుతుందో, ఏం మాట చెప్పి కాలుస్తుండ్రో ఎరుకేనా మీకు?"

ఏసమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

ఆమె బతుకంతా వంగి చేసిన పనే. పడుచుతనంలో, విత్తనాల కోసం పెంచే సీడు పత్తి చేలలో పువ్వులు గిల్లింది. మొగుడు పోయాక చర్చిలో చీపురు పట్టింది. ఊడ్చేటప్పుడు ఆమెను ఎవరూ చూడరు, చెప్పులు కూడా ఆమె ఊడ్చినచోటే విడుస్తారు. కానీ నెలకోసారి ఆమె చేతి రొట్టె నోట్లో పెట్టుకోని మనిషి ఆ సంఘంలో లేడు. ఆ ఒక్కరోజు ఏసమ్మ ముందు వరుసలో కూర్చుంటుంది. కిందటేడు వానలో జారిపడి మణికట్టు విరిగింది. అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. అప్పటినుంచి పిండి ఏసమ్మది, ఒత్తి కాల్చే చెయ్యి పక్కింటి మహబూబ్‌బీది. బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు అమ్ముకునే మనిషి, గోధుమ రొట్టె ఆమెకు ఒక లెక్కా! ఈ సంగతి మూడో మనిషికి తెలియదని ఏసమ్మ ధీమా.

మరి వెంకట్రాములుకు ఎవరు చెప్పారు? ఇంకెవరు చెబుతారు!

ఇంటికి పోయి, కలిపి ఉంచిన పిండి పళ్లెం పట్టుకుని విసవిసా పక్కింటికి నడిచింది. మహబూబ్‌బీ అప్పటికే పొయ్యి ముట్టించి, పీట ముందు కూర్చుని ఉంది. మూలన మూటలు కట్టి ఉన్నాయి. కూతురు రాయచూరు వచ్చెయ్యమని ఎన్నాళ్లుగానో పోరుతోంది. ఏసమ్మ రొట్టెల కోసం, ఈ పండుగలాంటి ఆదివారం దాటాక పోతానని ఈమే ఆగింది.

ఒక ముద్ద తీసి పీట మీద పెట్టి, "బిస్మిల్లా" అని కర్ర ఎత్తింది.

"ఆపు. గా మాట అనకు."

"ఏ మాటనే?"

"అదే. మా పెద్దోళ్లకు ఎట్ల తెలిసింది? నువ్వే చెప్పినవ్."

"ఓ అల్లా! నేనేమన్న మీ చర్చి గడప తొక్కిన్నా అక్కా?" మహబూబ్‌బీ నవ్వబోయి, ఏసమ్మ మొహం చూసి ఆగింది. "అనకుంటె నా చెయ్యి లేవదు. పిల్లకు పాలిచ్చినా, పొయ్యి ముట్టిచ్చినా అదే మాట. మోకాలు పట్టేస్తె నీ లెక్కనే యేసయ్యా అని గూడ అంట. నీ దగ్గర అంటుకున్నదే. మావోళ్లు వింటె ఊకుంటరా?"

"నా దేవుని రొట్టె మీద నీ మాటేందే?"

అన్నాక గానీ తెలియలేదు, ఎంత మాట అన్నదో. మహబూబ్‌బీ కర్ర కింద పెట్టింది. పళ్లెం ఇటు తోసింది. పీట మీది ముద్ద పీట మీదే ఉండిపోయింది. అడగడానికి ఏసమ్మకు మొహం చెల్లలేదు.

ఇంటికొచ్చి తనే ఒత్తింది. మణికట్టు కలుక్కుమంటుంటే పళ్లు బిగబట్టి ఒత్తింది. ఒక పక్క మందం, ఒక పక్క చిరుగు. నడుమ పచ్చి, అంచులు మాడు. అయినా తన చేతివే కదా, ఇప్పుడు ఎవడేమంటాడో చూద్దాం అనుకుంటూ, తెల్లగుడ్డ కప్పి మధ్యాహ్నం చర్చికి తీసుకెళ్లింది.

పాస్టరు, పెద్ద ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఏసమ్మ వాళ్లవైపు చూడకుండా, తలెత్తుకుని నడిచి, రెండు చేతులతో పళ్లెం బల్ల మీద పెట్టింది.

"బిస్మిల్లా."

ఎవరన్నారోనని పక్కకు తిరిగి చూసింది. పక్కన ఎవరూ లేరు.

"ఇగో, విన్నరా అయ్యగారూ?" వెంకట్రాములు గొంతులో కోపం కూడా లేదు. "పోయిన బల్లకు గూడ గిట్లనే అన్నది. పక్కిల్లు ఎవరిదని ఆరా తీసిన. నాకింకెవరు చెప్పాలె?"

ఏసమ్మ పళ్లెం మీంచి చేతులు తీసింది. అబ్రాహాము అందరికీ తండ్రి అన్న పాస్టరువైపు చూసింది. ఆయన మెడ గోక్కున్నాడు.

"రేపు నలుగురూ వస్తరు గద అమ్మా, ఎందుకొచ్చిన లొల్లి. బేకరీ నుంచి బ్రెడ్డు తెప్పిస్తలే. నువ్వు పరేషాన్ గాకు."

"ఆ, అదే మంచిది," అన్నాడు వెంకట్రాములు. పొద్దుటినుంచి ఒక్క మాట మీదా కలవని ఇద్దరూ దాని మీద కలిశారు.

ఏసమ్మ పళ్లెం అక్కడే వదిలేసి, అంత వయసులోనూ పరుగులాంటి నడకతో ఇంటిదారి పట్టింది. మహబూబ్‌బీ తలుపుకు తాళం ఉంది. ఎదురింటి పద్మజ బట్టలు ఆరేస్తూ చెప్పింది.

"బీ రాయచూరు బస్సెక్కింది పెద్దమ్మా. ఇగ ఇక్కడికి రానన్నది. నీకు చెప్పలే?"

ఏసమ్మ తన గడప మీద కూలబడింది. చేతికి ఏదో తగిలింది. గుడ్డ మూట. విప్పితే రొట్టె, పీట మీద మిగిలిపోయిన ఆ ముద్దదే. ఆ మాట అని కాల్చిందా, అనకుండా కాల్చిందా? ఛీ, ఇప్పుడు కూడానా ఈ అనుమానం అని తనను తనే తిట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

గుడ్డలో రొట్టె చల్లారిపోయి ఉంది, అంచుదాకా ఒకే మందంతో, ఎక్కడా మాడకుండా.