నడక గురప్ప బుల్లెట్టు

గురప్ప బండిని వెనక నుంచి చూడడం మొదలుపెట్టాడు. ఎద్దునైనా ఆవునైనా వెనక నుంచి చూడడమే అతని అలవాటు. మొగం ముందు చూస్తే మనసు పడిపోతుంది, మనసు పడితే బేరం చెడుతుంది. వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని టైరు గీతలు వేలితో తడిమాడు. లేచి సీటు మీద అరచెయ్యి ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా నిమిరాడు.

"గిట్టలు బాగుండాయి," అన్నాడు.

అరుగు మీద కుర్చీలో కూర్చున్న కుప్పుస్వామికి నవ్వొచ్చింది. "పళ్ళు గూడా సూస్తావా గురప్పా?"

"దీనికి పళ్ళు యాడుంటాయప్పా! గొంతు ఇంటా. అది సాలు."

కుప్పుస్వామి కుప్పంలో పట్టుగూళ్ళ వ్యాపారి. వయసులో ఉన్నప్పుడు ఆ బుల్లెట్టు మీద భార్యను ఎక్కించుకొని మైసూరు, ఊటీ, రామేశ్వరం అన్నీ చుట్టి వచ్చాడు. దూరాలు పోవడానికని రెండు పక్కలా ఇనుప పెట్టెలు బిగించుకున్నాడు, వెనక సామాన్ల క్యారియరు పెట్టించాడు, సీటు వెడల్పు చేయించాడు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించడం లేదు. బండి కొట్టంలో నిలబడిపోయింది.

గురప్పది నడక బతుకు. పశువుల బేరగాడు. సంతలో కొన్న పశువులను కొన్నవాళ్ళ ఊరిదాకా కాలినడకన తోలుకొనిపోయి అప్పగించడం కూడా అతని పనే. కుప్పం నుంచి పుంగనూరుకి, పుంగనూరు నుంచి మదనపల్లెకి, అక్కడ నుంచి పెద్దతిప్పసముద్రం దాటి కన్నడ దేశానికి, మీసం మొలిచిన నాటి నుంచి పశువుల తోకల వెనక నడుస్తూనే ఉన్నాడు. అందుకే జిల్లాలో సగం మందికి అతను నడక గురప్ప. బండి అనేదాంట్లో అతనికి సొంతమైంది ఏదన్నా ఉంటే, అది కాళ్ళకున్న టైరు చెప్పులే. రెండువేల రెండు వచ్చేసరికి పశువులు కూడా లారీలెక్కి పోతున్నాయి, గురప్ప మాత్రం ఇంకా నడుస్తున్నాడు. పశువుకున్న మర్యాద కూడా నాకు లేకపాయనే అని ఒకరోజు రోషం వచ్చింది. ఆ రోషమే ఈ పొద్దు అతన్ని కుప్పానికి తెచ్చింది.

బేరం తువ్వాలు కింద జరిగింది. అరుగు మీద పక్కపక్కన కూర్చుని, చేతుల మీద తువ్వాలు కప్పుకొని, ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకున్నారు. కుప్పుస్వామి తల అడ్డంగా ఊపాడు. గురప్ప ఇంకో వేలు నొక్కాడు. ఇంట్లో నుంచి కాఫీ తెచ్చిన కుప్పుస్వామి భార్యకు కూడా ధర తెలియలేదు. బండి కొనడానికి తువ్వాలు కప్పుకున్నవాళ్ళు ఆ ఊళ్ళో వీళ్ళిద్దరే అయ్యుంటారు. ఆఖరికి ఇద్దరూ ఒకేసారి తువ్వాలు తీసి దులిపారు. తెగింది.

"మేత లేకుండా యాల పంపిస్తాను? ట్యాంకు నిండా కొట్టించినా," అన్నాడు కుప్పుస్వామి.

గురప్ప బండి ఎక్కి, పుంగనూరు మెకానిక్కు ఇమాముద్దీన్ నెల రోజులు తిట్టి తిట్టి నేర్పినట్టే కిక్కు కొట్టాడు. రెండో తన్నుకే లేచింది. డగ్ డగ్ డగ్ అని ఆ గొంతు వాకిలంతా నిండింది. అబ్బ, ఏం గొంతు! కోడె రంకె వేసినా అంత నిబ్బరంగా ఉండదు. కుప్పుస్వామి కళ్ళు తడి అయ్యాయి. అది చూసి గురప్పకు కూడా ఏదో అయ్యింది.

పశువును అమ్మినవాడు పలుపు ఇవ్వడు. పలుపుతో బాటే ఇంటి కళ పోతుందని భయం. కొన్నవాడే కొత్త పలుపు తెచ్చుకుని కట్టుకోవాలి, పాతది విప్పి మర్యాదగా అమ్మినవాడి చేతిలో పెట్టాలి. ఆ పని గురప్ప చేతులు ఎన్ని వందలసార్లు చేశాయో లెక్కలేదు. ఆ పొద్దు కూడా అలవాటుగా అదే చేశాయి. హెడ్‌లైటు పైన, తాళంచెవికి వేలాడుతున్న నల్లదారం కంట పడింది. తాళం బాగా అరిగిపోయి ఉందేమో, ఇంజను నడుస్తుండగానే చెవి లాగితే వచ్చేసింది. రెండు చేతులా పట్టి కుప్పుస్వామికి ఇచ్చాడు.

"మీ పలుపు మీ ఇంట్లోనే ఉండల్లప్పా. సల్లగా ఉండండి."

కుప్పుస్వామి దాన్ని కళ్ళకద్దుకుని జేబులో వేసుకున్నాడు. పెద్దమనుషులు ఇద్దరూ, ఇద్దరికీ తట్టలేదు. గురప్ప గేరు వేసుకొని, తల ఎత్తుకొని, కుప్పం బజారు దాటాడు.

తట్టింది వి.కోటలో. టీ అంగడి ముందు బండి నిలిపి, ఆపుదామని చెయ్యి చాచాడు. వేళ్ళకు ఒట్టి తాళం రంధ్రం తగిలింది.

తాళంచెవి కుప్పుస్వామి జేబులో ఉంది. వెనక్కి పోదామా అనుకున్నాడు. ఇచ్చిన పలుపును తిరిగి అడిగితే కొన్న పశువు ఇంట నిలవదు. ఆ మాట అతను ఎంతమందికి చెప్పాడో! పైగా వెనక్కి పోతే మదనపల్లెకు వేళకు చేరలేడు. మదనపల్లెలో అమరావతి ఉంది.

అమరావతి అతని భార్య. టమోటా మండీలో కాయలు ఏరే పని. రామసముద్రం దోవలో ఉన్న వాళ్ళ ఊరి నుంచి ఆడవాళ్ళంతా ఒకే టెంపోలో పోయి వస్తారు. నడక గురప్ప పెళ్ళాం అని ఎగతాళి చెయ్యని రోజు లేదు. "మీ ఆయన నిన్ను గూడా పలుపు కట్టే తోలుకొచ్చినాడంట గదా పెండ్లికి?" అని మునిలక్ష్మి అంటుంది. నిన్న అమరావతి అందరి ముందూ అనేసింది: "రేపు నేను టెంపో ఎక్కను. మా ఆయన బుల్లెట్టులో వస్తాండాడు, మండీ గేటు కాడికి." ఇంటికొచ్చి మొగుడికి చెప్పి, "రాకపోతివా, నా తలకాయ యాడ పెట్టుకోవల్ల?" అని కూడా అంది.

ఇంజను ఆగిందంటే అంతే. తాళంచెవి లేకుండా బండి లేవదు. కుప్పం నుంచి ఎక్కే వచ్చానని ఎంత మొత్తుకున్నా, నడక గురప్ప బుల్లెట్టును కూడా నడిపించుకొనే వచ్చాడని చచ్చేదాకా చెప్పుకుంటారు. తన సంగతి సరే, అమరావతి రేపు ఆ టెంపో ఎలా ఎక్కుతుంది? గురప్ప టీ వద్దని చెయ్యి ఊపి, క్లచ్చు వదిలి ముందుకు కదిలాడు.

అక్కడ నుంచి ప్రయాణం ఉపవాసం అయ్యింది. నీళ్ళు లేవు, బీడీ లేదు, ఒంటికి పోవడానికి కూడా దిగలేదు. గతుకు వస్తే ఇంజను ఉలిక్కిపడి ఆగుతుందేమో అన్నంత నెమ్మదిగా దాటించాడు. "ఆగొద్దమ్మా, నా బంగారు తల్లీ, ఆగొద్దు," అని ట్యాంకు నిమురుతూ పలమనేరు దాటాడు. తిడితే వినే పశువు కాదిది, బతిమాలుకోవాల్సిందే.

పలమనేరు దాటినాక రోడ్డు నిండా ఎద్దులు. వాటి వెనక భుజాన కర్ర వేసుకొని మునిరత్నం. అతనూ పశువులు తోలేవాడే, గురప్ప కంటే చిన్నవాడు. డగ్ డగ్ విని పక్కకు తిరిగి, నోరు తెరుచుకొని నిలబడ్డాడు.

"గురప్పన్నా! నువ్వేనా? ఎవురిదిది?"

"నాదే రా!"

ఆ మాట నోట్లో నుంచి రాగానే గురప్పకు ఒళ్ళు ఝల్లుమంది. నాదే. ఇంకోసారి అందామనిపించి, "నాదే మునిరత్నం, నాదే," అన్నాడు.

"దిగన్నా, సూసి పోతా. బీడీ కాల్సుకుందాం."

"దిగేదానికి లేదు రా!"

మునిరత్నం మొగం చిన్నబోయింది. "బుల్లెట్టెక్కినాక కింద కాలు పెట్టేదానికి గూడా లేదా నీకు?"

"నీ యమ్మ, తాళంచెవి లేదు రా!"

ఆ జవాబుకు తలాతోకా దొరకక మునిరత్నం నవ్వాడు. ఎద్దులు దారి ఇవ్వడం లేదు. గురప్ప క్లచ్చు నొక్కి వదులుతూ, వాటి నడకలోనే మంద మధ్య జరిగాడు. ఇన్నేళ్ళూ అతను చూసింది తోకలు, లేచిన దుమ్ము. ఈ పొద్దు సీటు మీద నుంచి వాటి మూపురాలు, కొమ్ములకు వేసిన రంగు, చెవుల కదలిక అన్నీ కనిపించాయి. ఒక కోడె పక్కకు తిరిగి అతన్ని చూసింది. "హై... హోయ్..." అని పాత కేక వేశాడు. ఆ గొంతు వాటికి తెలుసు. రెండు పక్కలకూ విడిపోయి దారి ఇచ్చాయి. గురప్పకు ఏడుపూ నవ్వూ ఒకటే అయిపోయాయి. రాజులు ఊరేగితే ఇట్లాగే ఉంటుందేమో అనుకున్నాడు.

పుంగనూరులో ఇమాముద్దీన్ ఉన్నాడు కదా, ఏదో ఒకటి చేస్తాడని ఆశ పెట్టుకున్నాడు. శుక్రవారం. నమాజుకు పోయినట్టున్నాడు, షట్టరు సగం దించి ఉంది. ఇంజను నడుస్తూనే అంగడి ముందు రెండు చుట్లు చుట్టి, హారను కొట్టి, ఎవరూ రాకపోతే, "సరే, దేవుడే దిక్కు," అని మదనపల్లె రోడ్డు పట్టాడు.

మండీ గేటు కనిపించేసరికి టెంపో బయలుదేరబోతోంది. ఆడవాళ్ళంతా ఎక్కేశారు. అమరావతి ఒక్కటే కింద, బోర్లించిన టమోటా బాక్సు మీద కూర్చుని ఉంది. కాయల పసరు అంటి చేతులు నల్లగా ఉన్నాయి. కొంగు భుజాల చుట్టూ బిగించి కట్టుకుంది. డ్రైవరు హారను మీద హారను కొడుతున్నాడు. ఆమె కదలడం లేదు. మెడ మాత్రం పుంగనూరు రోడ్డు వైపే తిరిగి ఉంది.

ఆ మెడను చూసి గురప్ప సంతోషం పట్టలేకపోయాడు. తిన్నగా వచ్చి ఆమె ముందు ఆగాడు. ఆగడం బాగానే ఆగాడు. క్లచ్చు వదిలేశాడు, గేరు తియ్యలేదు. బండి ఒక్క ఎగురు ఎగిరి, దగ్గి, చచ్చిపోయింది.

టెంపోలో నుంచి మునిలక్ష్మి తల బయటపెట్టింది. "ఇంగేముండాది గురప్పా! పగ్గమేసి తోలుకొని పో!"

టెంపో అంతా నవ్వింది. గురప్ప చెవులు కాలిపోయాయి. పొద్దున నుంచి పట్టిన ఊపిరంతా పోయి, హ్యాండిలు మీద వాలిపోయాడు. అమరావతి లేచి దగ్గరకు వచ్చింది.

"ఏమయ్యా, ఏమాయ?"

"తాళంచెవి లేదు మే. పలుపనుకోని ఆయనకే ఇచ్చేస్తి. కుప్పం నించి ఆపకుండానే వస్తాండా. ఈడ ఆగిపాయ."

అమరావతి అతని ఎండిపోయిన పెదాలు చూసింది. నవ్వలేదు, తిట్టలేదు. బొడ్లో చీరె బిగించుకుంది.

"కాలితో తన్ను."

"తాళంచెవి లేంది ఎట్లా లేస్తాదే?"

"ఇన్నేండ్లూ పడుకున్న ఎద్దులను తాళంచెవి పెట్టే లేపినావా? తన్ను సూద్దాం. లేయకపోతే నేను ఎనక తోస్తా. అందురూ సూడనీ, నాకేమి?"

గురప్ప తన్నాడు. లేవలేదు. ఇంకోటి తన్నాడు, కిక్కు ఎదురు తిరిగి మోకాలికి తగిలింది. పళ్ళు కొరుక్కొని మూడోది తన్నాడు. డగ్ డగ్ డగ్ అని మండీ గేటు అదిరింది. అరిగిన తాళం చెవిని వదిలినా స్విచ్చు మాత్రం వేసే ఉందనీ, వి.కోటలో హాయిగా టీ తాగి ఉండొచ్చనీ, మరుసటి రోజు ఇమాముద్దీన్ కడుపు పట్టుకొని నవ్వుతూ చెప్పాడు. ఆ సాయంత్రం అది ఎవరికీ తెలియదు. కాబట్టి టెంపోలో ఉన్న ఆడవాళ్ళందరూ, తాళంచెవి లేని బండిని నడక గురప్ప ఒట్టి కాలితో లేపడం కళ్ళారా చూశారు. మునిలక్ష్మే ముందు ఈల వేసింది.

అమరావతి సీటు మీద ఒక పక్కకు కూర్చుంది. రాణిలా కూర్చుంది అంటే తక్కువ చెప్పినట్టే. టెంపో వైపు తిరిగి, "మెల్లగా రాండమ్మా, దుమ్ము లేస్తాది," అంది. బండి కదిలింది.

దారిలో ఆమె ఏదో చెప్తూనే ఉంది. ఇంజను మోతలో గురప్పకు ఒక్క ముక్కా అందలేదు. రామసముద్రం మలుపు దగ్గర చెయ్యి చాచి, కుడి పక్క అద్దాన్ని లోపలికి తిప్పాడు.

"నువ్వు ఏమంటాండావో ఇనబడలా. మొగమన్నా కనబడనీ."

అద్దంలో అమరావతి నవ్వుతోంది. గాలికి జుట్టంతా చెదిరి ఉంది. పెళ్ళి అయినాక ఆమె మొగాన్ని అంతసేపు చూడడం గురప్పకు అదే మొదలు. నడిచేటప్పుడు ఆమె ఎప్పుడూ వెనకనే కదా ఉండేది.

ఆ తర్వాత బోయకొండకు పోయారు, హార్సిలీ కొండ ఎక్కారు, కోలారులో ఉన్న ఆమె చెల్లెలింటికి పోయి మూడు దినాలు ఉండి వచ్చారు. సంతలకు కూడా బండి మీదే. పశువులు కొన్నవాళ్ళు గురప్పన్నా అని పిలిచి కుర్చీ వేశారు. నడక అనే మాట పేరు మీద నుంచి ఎప్పుడు రాలిపోయిందో ఎవరూ గమనించలేదు.

రెండువేల తొమ్మిదిలో, వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం, సంత నుంచి వచ్చి స్టాండు వేసి, కాళ్ళు గుంజుతున్నాయని మంచం మీద వాలాడు. అమరావతి కాఫీ కలుపుకొని వచ్చేసరికి పోయి ఉన్నాడు. మొగం ప్రశాంతంగానే ఉంది. ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టి, చాలాసేపు అతని పాదాలు పట్టుకొని కూర్చుంది.

కర్మాంతరాలు అయినాక పక్క ఊరి నాగరాజు బండిని అడగడానికి వచ్చాడు. చుట్టూ తిరిగి చూసి, అద్దం సరిచేద్దామని చెయ్యి పెట్టాడు.

"దాని జోలికి పోవద్దప్పా," అంది అమరావతి. "బండి ఇచ్చేది లేదు."

కొట్టంలో, గోనెపట్టా కింద నుంచి ఆ అద్దం ఒక్కటే బయటకు కనిపిస్తుంది, రోడ్డు వైపు కాకుండా వెనక సీటు వైపు తిరిగి.