కోటరేవులో అడిగే మాట

ఎర్రభూపతి విగ్రహం మీద కప్పిన గుడ్డ లాగారు. ఎన్నో వందల ఏళ్ల కిందట కోటరేవును రాజధానిగా ఏలిన రాజుకు మా ఊరి దొర శ్రీధర్‌రావు ముఖం పెట్టారు. అవే ఉబ్బిన బుగ్గలు, అదే రంగేసిన మీసం. ఎడమ చెంప మీది పులిపిరిని కూడా శిల్పి వదల్లేదు. చుట్టూ చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను, ఆ విగ్రహం పెట్టించిన కమిటీలో నేనూ ఉన్నాను గనక.

కోటరేవు మా ఊరు. మంచిర్యాలకు ఎగువన, గోదారి ఒడ్డున ఉంటుంది. నా పేరు మమతారాణి, ఇక్కడి హైస్కూల్లో సోషల్ చెప్తాను. చరిత్ర రాయడానికి అంతకంటే అర్హత ఏం కావాలని శ్రీధర్‌రావు కొడుకు వంశీధర్‌రావు నన్ను 'రాజధాని ఉత్సవాల' కమిటీలో వేశాడు. పుస్తకం నేనే రాయాలి, ఉత్సవం రోజు మైకులో నేనే చదవాలి.

ఇప్పుడు చూస్తే రాజధాని అన్న మాటకే నవ్వొస్తుంది. ఏనుగుల దర్వాజ కింద మొబైల్ రీచార్జి దుకాణం నడుస్తోంది. కోటగోడ ఇటుకలు సగం ఊరి స్నానాల గదుల్లో ఉన్నాయి. మా పెరట్లో బట్టలుతికే బండ ఒకప్పటి టంకసాల గడప. కానీ ఒకనాడు ఈ రేవులో పడవలు వరసకట్టి నిలబడేవి. ఇక్కడ నేసిన చీరలు, ఇక్కడ అద్దిన ఎర్ర రుమాళ్లు కిందికి సముద్రం దాకా పోయేవి. రంగు కడగడానికి పారే నీళ్లు కావాలి కాబట్టి నేతపనివాళ్లను రాజు ఏటి గడ్డకే తెచ్చి పెట్టాడు. అదే సాలెవాడ. నేను పుట్టింది అక్కడే.

ఆ రాజధాని ఎట్లా పోయిందో వాడలో పాలు తాగే పిల్లకు కూడా చెప్తారు. శత్రువులు కోటను చుట్టుముట్టినప్పుడు ఎర్రభూపతి "నేనున్నాను, ఎవరూ కదలొద్దు" అని దండోరా వేయించి, తను మాత్రం తెల్లారేసరికి ఏరు దాటి పోయాడు. తన వెంట ఎవరూ రాకుండా మిగిలిన పడవల తాళ్లు కోయించి మరీ పోయాడు. మగ్గాల మీది చీరలు ముడేసి, తెప్పలు కట్టి జనాన్ని దాటించింది సాలెవాడ ఆడవాళ్లు. గొడవలన్నీ సద్దుమణిగాక రాజు తిరిగొచ్చాడు. సిగ్గులేని వాళ్లందరూ అట్లాగే తిరిగొస్తారు. అయితే వాడ ఒక షరతు పెట్టింది.

ఆ షరతే మా గంగచీర. ప్రతి ఏడూ గోదారికి కొత్త నీళ్లు రాగానే, ఏటి ఒడ్డున మొదటి ఇంటి పెద్దామె ఒక్కవైపే అంచున్న చీర నేస్తుంది. ఏలేవాడు చెప్పులు, తలపాగా విప్పి మోకాలి లోతు నీళ్లలో నిలబడాలి. ఆమె అతణ్ణి 'నువ్వు' అనే అడుగుతుంది: "రాజా, ఉన్నవా, పోయినవా?" నీళ్లలో నిలబడి అతను "ఉన్న" అనాలి. అన్నాక చీర రెండో కొస పట్టుకోవాలి. ఇద్దరూ కలిసి దాన్ని ఏటికి వదులుతారు. ఆ ఏడాదంతా వాడ అతని మాట మీద ఉంటుంది. ఏదో ఒక ఏడు ఎదురుగా అడిగినా నీళ్లలో దిగి చెప్పకపోతే, "పోయిండు" అని అందరూ వినేట్టు అనేసి వాడ తన దారి తను చూసుకుంటుంది. చివరి రాజు ఒకసారి పల్లకీలో కూర్చునే జవాబు చెప్పాడట. ఆ ఏడే వాడ అతణ్ణి వదిలేసింది. అప్పుడు నీళ్లలోకి దిగి కొస పట్టుకున్నవాడు శ్రీధర్‌రావు ముత్తాత. వాళ్ల దొరతనం అట్లా వచ్చింది.

శ్రీధర్‌రావు కూడా చాలా ఏళ్లు దిగాడు, "ఉన్న" అన్నాడు. అందుకే మూడేళ్ల కింద గోదారి పొంగిన రోజు ఆయన ఆటోకు మైకు కట్టించి "నేనున్న, ఎవ్వరు ఇండ్లు ఇడిచి పోవద్దు" అనిపిస్తే, సాలెవాడ కదల్లేదు. వేరే ఊరివాళ్లయితే మూటలు కట్టుకుని ఎప్పుడో గడ్డకెక్కేవాళ్లు. ఆ ఇంటి నోట వచ్చిన ఆ మాటను నమ్మడం మావాళ్ల రక్తంలో ఉంది. అసలు సంగతేమిటంటే ఆయన షెడ్లలో సాంచలు, అవే కరెంటు మగ్గాలు, ఆగకూడదు. ఒప్పుకున్న బట్ట ఇంకా దిగలేదు. వాడ ఖాళీ అయితే సాంచలు నడిపేదెవరు? వాడలోకి నీళ్లు వచ్చేసరికి ఆయన కారు కరీంనగర్ చేరింది.

ఆ వరదలో మా నాన్నకు అన్న, పెద్దబాపు రాయమల్లు పోయాడు. తన భార్య, మా పెద్దవ్వ దేవవ్వను, మగ్గం పలకలను అటక ఎక్కించి, తను ఎక్కబోతుంటే గోడ కూలింది. శవం బురదలో దొరికింది. బట్టలు నేసే వాడలో ఆ రోజు పొడి గుడ్డ ముక్క లేదు. కూడలిలో కట్టిన ఫ్లెక్సీ ఒకటి ఊడదీసి చుట్టారు. దాని మీద చేతులు జోడించి నవ్వుతున్న శ్రీధర్‌రావు ఉన్నాడు. ఆ నవ్వు పెద్దబాపు ఛాతీ మీద ఉంది.

ఆ తర్వాత రెండేళ్లు శ్రీధర్‌రావు రేవుకు రాలేదు. ఒకసారి మోకాళ్ల నొప్పులన్నాడు, ఇంకోసారి బంధువుల పెళ్లన్నాడు. ఎదుట లేనివాణ్ణి అడగలేరు కాబట్టి ఆ రెండేళ్లూ అడిగే మాటే జరగలేదు. ఈ ఏడు మాత్రం పట్నం నుంచి పెద్ద అతిథి వస్తున్నాడు, శ్రీధర్‌రావుకు ఎన్నికల టికెట్ మాట నడుస్తోంది. మోకాళ్లు బాగైపోయాయి.

నేను రాసిన కాయితాలు చూసి వంశీధర్‌రావు ముఖం చిట్లించాడు. "మేడమ్, రాజు పారిపోవుడేంది? 'దండయాత్రకు బయలెల్లిండు' అని రాయుండ్రి."

"దండయాత్రకు పోయేటోడు పడవల తాళ్లెందుకు కోస్తడు సార్?"

"అయితే పడవలు తీసేయుండ్రి. గా లొల్లే ఉండది."

పడవలు తీసేశారు. ముట్టడి తీసేశారు. తెప్పలు కట్టిన ఆడవాళ్లు రాజుకు హారతి పట్టిన ఆడవాళ్లయ్యారు. ఒక్క నది మాత్రం మిగిలింది, ఫొటోలకు పనికొస్తుందని. ఆ రాత మీద నా పేరు వేస్తారన్న ఆలోచనకే ఒళ్లు జలదరించి, కమిటీ నుంచి తప్పుకుంటానని చెప్పడానికి పెద్దవ్వ దగ్గరికి పోయాను.

ఏటి ఒడ్డున మొదటి ఇల్లు ఆమెదే. గుంటమగ్గంలో కూర్చుని ఈ ఏటి గంగచీర నేస్తోంది. వరద బురదతో నిండిన ఆ గుంటను తనే తోడుకుంది. పోగు నడిపే నాడె ఆపకుండానే విన్నది.

"రాసుకోనీ బిడ్డా. రాజును దేవున్ని చేసుకోనీ. నువ్వు మాత్రం ఆడనే ఉండు. అడిగే మాట తీయకుండ చూడు."

"ఏం లాభం పెద్దవ్వా? ఆయన 'ఉన్న' అంటడు, పటాకులు కాలుస్తరు."

"నీళ్లల్ల దిగి అంటె అననీ, నమ్ముదం. దిగకుంటె ఆ మాటతోని మనకున్న కట్టు తెగిపోతది. గీ ఏడు వరద రాకముంగటనే అది తేలాలె." ఆమె పోగు తెగితే ముడేసింది. "రెండేండ్లాయె, ఉన్నడని లేదు, పోయిండని లేదు. మల్లొక్కసారి గా మైకు మోగితె గీ పిచ్చోళ్లు మల్ల ఇండ్లల్లనే కూసుంటరు. మా హనుమంతు కూడ కూసుంటడు."

హనుమంతు ఆమె కొడుకు, శ్రీధర్‌రావు షెడ్డులోనే సాంచ నడుపుతాడు. నేను తిరిగి కమిటీకి పోయాను.

అడిగే మాట వంశీధర్‌రావుకు తెగ నచ్చింది. హైదరాబాద్ హాస్టళ్లలో పెరిగిన పిల్లాడు, దాని అర్థం ఎవరు చెప్పారు కనుక? "సూపర్ మేడమ్. ప్రజలు రాజు క్షేమం అడుగుతరు, డాడీ 'ఉన్నా' అంటడు. గప్పుడు పటాకులు." శ్రీధర్‌రావుకు అర్థం తెలుసు. సోఫాలో వెనక్కి వాలి పళ్లు కుట్టుకుంటూ, "ముసల్దానికి గదొక్కటి ఉండనీయుండ్రి, పాపం," అన్నాడు. ఆ 'పాపం' విన్నాక ఆ ఇంట్లో ఇచ్చిన చాయ్ అట్లాగే వదిలి లేచాను.

ఉత్సవం రోజు రేవు కంపు కొడుతోంది. శ్రీధర్‌రావు ఫంక్షన్ హాలు మురుగు కాలువ సరిగ్గా మెట్ల పక్కనే గోదారిలో కలుస్తుంది. ముందు రోజు విందు ఎంగిలి విస్తళ్లు, బిర్యానీ మెతుకులు, ప్లాస్టిక్ గ్లాసులు నురగలో తేలుతున్నాయి. పైన మాత్రం ఎర్ర తివాచీ, థర్మాకోల్ ఫిరంగులు, కోటరేవు చీరల పేరుతో ఎక్కడినుంచో తెచ్చిన పాలిస్టర్ తోరణాలు. శ్రీధర్‌రావు భార్య దేవకి పట్టుకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుంది. వాళ్లింటి మురుగే అది.

తివాచీ చివర ఇత్తడి రంగు వేసిన పెద్ద తొట్టి ఒకటి పెట్టారు. ఇద్దరు మనుషులు మంచినీళ్ల డబ్బాలు తెచ్చి అందులో వంచారు, పైన గులాబీ రేకులు చల్లారు. ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. శ్రీధర్‌రావు కిరీటంతో వచ్చి, చెప్పులు విప్పి, ఆ తొట్టిలో అడుగు పెట్టాక అర్థమైంది. నాకు ఉమ్మాలనిపించింది. మైకు చేతిలో ఉంది కాబట్టి మింగాను.

నా చేతిలోని కాయితం ప్రకారం ఇప్పుడు పెద్దవ్వ తివాచీ మీద నడిచి వచ్చి తొట్టి ముందు వంగాలి. ఆమె వచ్చింది. తొట్టిని చూసింది. దాన్ని దాటుకుని, ఒక్కో మెట్టూ దిగి, ఆ విస్తళ్ల మధ్య మోకాలి లోతు గోదారిలో నిలబడింది. గంగచీర ఒక కొస తన చేతికి చుట్టుకుని, రెండోది పైకి చాచింది.

"రాజా, ఉన్నవా, పోయినవా?"

"ఉన్నా!" శ్రీధర్‌రావు మైకులో అరిచాడు. "నేనెప్పుడూ మీ వెంటనే ఉన్నా!" పటాకులు పేలాయి. పొగ పోయేసరికి పెద్దవ్వ చెయ్యి అట్లాగే చాచి ఉంది.

"నీళ్లల్ల దిగి చెప్పు రాజా."

"దిగిన కదనే అవ్వా, ఇగో," అని ఆయన తొట్టిలో కాలు ఆడించాడు. కుర్చీల్లోని వాళ్లు నవ్వారు.

"అవి డబ్బ నీళ్లు. గోదారి గిటున్నది."

నవ్వులు ఆగాయి. శ్రీధర్‌రావు కిందికి చూశాడు. ఒక విస్తరి పెద్దవ్వ కాలికి తగిలి తిరుగుతోంది. ఆయన ముఖం వికారంగా ముడుచుకుంది. వంశీధర్‌రావు వంగి, "వద్దు డాడీ, ఇన్ఫెక్షన్ అయితది," అన్నాడు. ఆ మాట నా మైకులో పడి రేవంతా వినిపించింది.

అంతలో పట్నం అతిథి గడియారం చూసుకుని లేచాడు. శ్రీధర్‌రావు తొట్టిలోంచి దూకినంత పని చేశాడు. ఎవరో తుండు అందించారు. "ఒక్క నిమిషమవ్వా, సార్‌ను సాగనంపి వస్త," అంటూ తడికాళ్లతోనే కార్ల వెంట పరుగెత్తాడు. కిరీటం కింద పడితే తీయడానికి కూడా ఆగలేదు. కార్లు ఫంక్షన్ హాలు వైపు తిరిగాయి. అక్కడ భోజనాలున్నాయి.

పెద్దవ్వ నిలబడే ఉంది. కుర్చీలు ఖాళీ అయ్యాయి. మెట్ల మీద సాలెవాడ మిగిలింది. "అవ్వా, ఇగ పైకి రాయే," అన్నాడు హనుమంతు. ఆమె కార్లు పోయిన దిక్కు చాలాసేపు చూసి, వాడ వైపు తిరిగింది.

"పోయిండు," అంది.

ఎన్నో తరాలుగా ఎవరూ అనని మాట అది. నా కాయితం మీద ఆ చోట 'మహారాజుకు జయము' అని ఉంది. నేను మైకు నోటి దగ్గర పెట్టుకుని "పోయిండు" అన్నాను. తర్వాత మా వాడ కనకవ్వ అంది. ఆ తర్వాత మెట్లన్నీ అన్నాయి. హనుమంతు అందరికంటే ఆఖర్న అన్నాడు, అని నీళ్లలోకి దిగి తల్లి చాచిన కొస పట్టుకున్నాడు.

"గిది మీ బాపుకు," అంది పెద్దవ్వ. "ఆనాడు పొడి బట్ట దొరకలే." చీరను ఇద్దరూ కలిసి వదిలారు. మురుగు నురగ దాటే దాకా దాన్ని చేత్తో తోసి, నడుం లోతు దాకా పోయి, పారే నీళ్లలోకి పంపించారు.

మర్నాడు పేపర్లో కిరీటం, తొట్టి, గులాబీ రేకులు వచ్చాయి. నా పేరుతో పుస్తకం కూడా వచ్చింది. ఒక కాపీ ఇంటికి పంపితే చీపురుతో వాకిట్లోకి తోశాను.

ఆషాఢం దాటకముందే ముసురు పట్టింది. గోదారి ఎర్రబడి మెట్లెక్కడం మొదలుపెట్టగానే ఏనుగుల దర్వాజ దగ్గర మైకు మోగింది. శ్రీధర్‌రావు గొంతే, రికార్డు చేసింది. "నేనున్న. ఎవ్వరు ఇండ్లు ఇడిచి పోవద్దు." మనిషి మళ్లీ కరీంనగర్‌లోనే ఉన్నాడు. ఆటో నడిపే కొండల్ సాలెవాడ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆ మాటను తాళాలేసిన తలుపులకు వినిపించుకుంటూ తిరిగాడు. వాడంతా అప్పటికే గుట్ట మీది మా బడిలో ఉంది. పొయ్యిలు కూడా వెలిగాయి. షెడ్లలో సాంచలన్నీ ఆగిపోయాయి.

చివరికి ఆటో బడి గేటు ముందుకు వచ్చి ఆగింది. కొండల్ తడిసి ముద్దై, కిటికీల్లోంచి చూస్తున్న మా అందరినీ తెల్లబోయి చూశాడు. వెనక నీళ్లు వాడలోకి జొరబడుతున్నాయి. ఆటో మీద మైకు ఇంకా "నేనున్న, నేనున్న" అంటూనే ఉంది.

నా తొమ్మిదో తరగతి గది గడప మీద కూర్చున్న పెద్దవ్వ చెయ్యి ఊపింది. "గా పెట్టె బందు చేసి లోపటికి రా కొడుకా, తడుస్తున్నవ్."